పళ్ళు దిగని గణుపులు

చెరకు తినేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. గడ నమలడం మొదలుపెడితే గణుపు వచ్చేదాకా హాయిగా సాగుతుంది. గణుపు దగ్గర పన్ను ఆగుతుంది. దాన్ని విరిచి అవతల పారేసి పైముక్క అందుకుంటాం. నేను నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేరి అక్కడే రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా అలా పన్ను ఆగేవాటితోనే గడిచింది. టేకు చెక్క, వెదురు, తాటిమట్ట, కొబ్బరి పెంకు, చెరకు గణుపు. వీటిని వెలుతురు అవతలికి కనబడేంత పలుచగా కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద చూడడానికి సిద్ధం చేయడం నా పని.

ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. "సార్, ముక్క తెగుతలేదు, బ్లేడు ఇరుగుతున్నది, ఏం చెయ్యాలె?" అని. పద్ధతి చెప్తాను. కానీ దానికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. బల్ల మీదికి వచ్చిన వస్తువు ఎవరిదో, ఎందుకు వచ్చిందో తెలియకుండా ముట్టుకోవద్దు. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. తిని నేర్చుకున్నాను.

అప్పట్లో మా ల్యాబ్ ఒక మేడం చేతిలో ఉండేది. మనిషి పొట్టి, మాట పొదుపు. ల్యాబ్‌లో మంచినీళ్ళు కూడా తాగనిచ్చేవారు కాదు. నేను చేరిన కొత్తలో గాజుసామాను కడగడం, బల్లలు తుడవడం తప్ప నాకు వేరే పని లేదు. మా అవ్వ బీడీలు చుట్టేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని కొలత ప్రకారం ఆకు కత్తిరించేవాణ్ని. ఒకరోజు సీసాలకు అంటించే కాగితాలు కత్తిరిస్తుంటే మేడం వెనక నిలబడి చూశారు. "ఈ చెయ్యితో గ్లాసులు కడుగుతున్నారా మీరు?" అని రేజరు తెచ్చి ఇచ్చారు. నన్ను పనివాణ్ని చేసింది ఆ పూటే. అలాంటి మనిషికి నేను చేసిన నిర్వాకం చూడండి.

ఒక శనివారం మధ్యాహ్నం మేడం మీటింగుకు పోయారు. నేను అన్నం తిని వచ్చేసరికి ల్యాబ్ తలుపుకు నాలుగు చెరకు గడలు ఆనించి ఉన్నాయి. బొద్దుగా, నిగనిగలాడుతూ, చూస్తేనే నోరూరేలా ఉన్నాయి. గేటు దగ్గరి వాచ్‌మన్ అన్నను అడిగాను.

"బోధన్ దిక్కు నుంచి ఒకామె తెచ్చింది తమ్మీ. మేడంకియ్యమని చెప్పి బస్సుకు పోయింది."

"మేడం చెరుకు తింటదా అన్నా?"

"ల్యాబ్‌ల నీళ్ళే తాగది. చెరుకేం తింటది? పట్టు."

మా ప్రాంతం వాళ్ళ గుణం ఒకటి ఇక్కడ చెప్పాలి. బోధన్ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ నెమ్మదిస్తే వెనక పరుగెత్తి గడ లాగనివాడు మా ఈడువాళ్ళలో లేడు. డ్రైవరు తిట్టేవాడే కానీ బండి ఆపేవాడు కాదు. బోధన్ పోయొచ్చిన చుట్టం చెరకు తేకపోతే ఉత్తచేతులతో వచ్చాడని ముఖం మీదే అనేవాళ్ళు. గోడకు ఆనించిన చెరకు తినడానికి కాక మరెందుకైనా ఉంటుందన్న అనుమానం మాకు పుట్టుకతోనే లేదు.

ఆఫీసులోంచి ఇంకో ఇద్దరు వచ్చారు. నలుగురం సైకిల్ స్టాండు నీడలో కూర్చున్నాం. మేము ముగ్గురం రెండు గడలు పంచుకుని పళ్ళతోనే చీల్చాం. వాచ్‌మన్ అన్నకు పైపళ్ళు నాలుగు లేవు. అందుకని మిగతా రెండు గడలను కత్తితో గణుపుకు అటూ ఇటూ నరికి, నడిమి ముక్కలను సన్నగా చీల్చి, మాకూ పెడుతూ తాపీగా తిన్నాడు. తొక్కలు, గణుపులు అన్నీ ఒక టబ్బులో వేశాం. అవి ఆయన మేకలకు. అంత తియ్యటి చెరకు నేను మళ్ళీ తినలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం నిజమే.

సోమవారం మేడం రాగానే అడిగారు. "శనివారం ఒకామె నమూనాలు ఇచ్చి పోయిందట. ఎక్కడ పెట్టారు?"

"ఏం నమూనాలు మేడం?"

"చెరకు. నాలుగు గడలు."

అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని బల్ల కేసి, కిటికీ కేసి చూశాను. ఏదీ దొరకలేదు.

"తిన్నం మేడం."

మేడం అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఆ గడల సంగతి చెప్పారు. వింటుంటే తిన్నదంతా చేదయింది.

ఆ తెచ్చినామె బోధన్ పక్క ఊళ్ళో రైతు. ఇరవై ఏళ్ళుగా విత్తన చెరకు పెంచుతోంది. చెరకు గింజతో మొలవదు కదా, గణుపు మీద ఉండే కంటి నుంచి మొలుస్తుంది. చుట్టుపక్కల వాళ్ళు నాటుకోవడానికి ఆమె తోట గడలే కొనుక్కుని పోయేవాళ్ళు. ఆ ఏడాది నలుగురి తోటల్లో ఎర్రకుళ్ళు తెగులు పడింది. అది వస్తే గడ లోపలంతా ఎర్రబారి, పులిసిన వాసనతో ఎండిపోతుంది. "ఇత్తనంలనే రోగమున్నది" అని ఒకాయన అన్నాడు. మిగతావాళ్ళు తలూపారు. ఇకనుంచి ఆమె చెరకు ఎవరూ నాటొద్దని ఊరంతా మాట అనుకున్నారు. ఆమె తోట అప్పటికే కొట్టేసి మడిలో వరినాట్లు వేసేసింది. గట్టున మిగిలిన నాలుగు గడలు పట్టుకుని, ఇందులో రోగం ఉందో లేదో చూసి చెప్పండని మేడం దగ్గరికి వచ్చింది.

"ఆమె తరపున మాట్లాడేవి ఆ నాలుగు గడలే," అన్నారు మేడం. "ఇదిగో ఆమె నంబరు. మీరే చెప్పండి."

ఫోన్ చేసి నేను ఎవరినో చెప్పాను, ఏం జరిగిందో చెప్పాను.

"తియ్యగున్నదా తమ్మీ?" అని అడిగింది.

"ఉన్నదక్కా."

"పుల్లగ గిట్ల ఏమన్న కొట్టిందా?"

"లేదక్కా. మస్తుగున్నది."

"మరి గదే మావూరికొచ్చి ఆళ్ళకు చెప్పు. రోగమున్న చెరుకు నాలుగు గడలు ఎవడన్న తింటడా?"

ఆ మాటలో న్యాయం ఉందనిపించి ఆశగా మేడం వైపు చూశాను. మేడం అడ్డంగా తల ఊపారు. ఎర్రకుళ్ళు ముదిరితేనే రుచి మారుతుంది. ముందు బూజు గణుపులో దాక్కుని ఉంటుంది. పైకి ఏమీ కనబడదు, నాలుకకు ఏమీ తెలియదు. అదే ఫోన్లో చెప్పాను.

"గనుపులల్ల ఉంటదా? మరి గనుపులు గూడ తిన్నరా మీరు?"

"గనుపులు ఎవరు తింటరక్కా, పారేసినం."

"అయితే ఏడుస్తవెందుకు? తినేటోళ్ళకు చెరుకు, నాటేటోళ్ళకు గనుపు. పోయి దేవులాడు."

ఫోన్ పెట్టేసి సైకిల్ స్టాండుకు పరుగెత్తాను. శనివారం మరిచిపోయి, ఆదివారం సెలవు కావడంతో వాచ్‌మన్ అన్న టబ్బు ఇంకా ఇంటికి తీసుకుపోలేదు. నిండా చీమలు. ఇద్దరం అక్కడే నేల మీద కుమ్మరించుకుని ఏరాం. అన్న ముఖం దొంగకు తేలు కుట్టినట్టుంది. "మేడం నన్ను గూడ అడుగుతదా తమ్మీ?" అని పదిసార్లు అడిగాడు.

ఏరినవాటిని మేడం కిటికీ దగ్గర ఒక్కొక్కటే తిప్పి చూశారు. "పళ్ళు దిగినవి పక్కన పెట్టండి. పంటి గాటు పడ్డచోట రెండు రోజుల్లో వేరే బూజు పడుతుంది. ఏది చెరకుదో, ఏది మీ నోటిదో ఎవరు చెప్తారు?" మేము ముగ్గురం తిన్న రెండు గడల గణుపులూ అలా పోయాయి. పంటి గాటు లేనివి పద్దెనిమిది మిగిలాయి. అన్నీ వాచ్‌మన్ అన్న కత్తితో నరికిన రెండు గడలవే. ఆయనకు ఆ నాలుగు పళ్ళు ఉండి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది. ఊడిన పళ్ళకు దండం పెట్టుకున్నది నేనొక్కణ్నే అనుకుంటాను.

ఇక పని. గణుపులో చిక్కేమిటంటే, గట్టిదీ మెత్తదీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో రసం నిండిన మెత్తటి కండ, దాని నిండా అడ్డదిడ్డంగా అల్లుకున్న పీచు, పైన ఇసుకలా గరుకైన తొక్క. రేజరు మెత్తటి చోట దూసుకుపోతుంది, పీచు తగలగానే ఎగురుతుంది. తొక్కలోని గరుకును కరిగించే ఆమ్లం ఒకటుంది. గాజును కూడా తినేసేంత ప్రమాదకరమైనది. మేడం దాన్ని మా గది గడప తొక్కనివ్వలేదు. తొక్క చెక్కేసి, లోపలిది నానబెట్టి కోద్దామన్నారు. వాచ్‌మన్ అన్న కత్తి పడ్డ కొసల్లోనూ బయటి బూజు ఉండొచ్చని, వాటిని కూడా కొంత లోపలికి చెక్కేయమన్నారు. ఒకసారి ఉడికించి గాలి తీసేసి, తర్వాత గ్లిజరిన్, స్పిరిట్ కలిపిన నీళ్ళలో రెండు వారాలు వదిలేయాలని చెప్పారు.

నేను రెండు వారాలు ఎక్కడ ఆగగలను? చేసిన తప్పు తొందరగా కడుక్కోవాలన్న ఆత్రం. మేడం క్లాసుకు పోయినప్పుడు ఆరు గణుపులు తీసి పొయ్యి మీద పెట్టి పొద్దంతా ఉడికించాను. సాయంత్రం కోసి చూస్తే కండ అంతా గంజయింది, పీచు మాత్రం చీపురు పుల్లల్లా నిలబడింది. రేజరు లాగితే పీచు వెంట కండ చిరిగి వచ్చేసింది. ఆరూ పోయాయి.

రెండోసారి కూడా నేనే పోయి చెప్పాను. మేడం ఆ గంజిని చూసి, "తొందరపెడితే మెత్తనిది ఇంకా మెత్తబడుతుంది. గట్టిది గట్టిగానే ఉంటుంది. దానికి కావాల్సింది వేడి కాదు, టైము," అన్నారు. తర్వాత ఒక మాట కలిపారు. "మిగిలినవి పన్నెండు. ఇవి కూడా మీరే కోస్తారు." నన్ను తీసేసి తాను కోస్తారేమోనని నేను భయపడ్డాను. ఆ మాటతో నా కళ్ళు తడిశాయి. నమ్మకం పోగొట్టుకున్నవాడికి మళ్ళీ కత్తి ఇవ్వడం ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలిసింది.

ఈలోగా మేడం ఆ నలుగురు రైతులకూ కబురు పెట్టారు. రోగం వచ్చిన తోటల్లో మిగిలిన మోళ్ళు, అంటే కొట్టేసిన చెరకు నేలలో వదిలిన మొదళ్ళు, తలా రెండు తెచ్చి ఇమ్మన్నారు. రోగం ఉన్నది ఎలా కనబడుతుందో తెలిస్తేనే లేనిదాని గురించి నలుగురూ నమ్ముతారని మేడం లెక్క. అవి కూడా తెచ్చి ఇచ్చారు. వాటినీ అలాగే నానబెట్టాను.

రెండు వారాలయ్యాక రేజరు కత్తిని రాయి మీద, తర్వాత తోలు మీద నూరి కూర్చున్నాను. ముక్కను బిగించి, కత్తిని నీళ్ళచుక్కతో తడిపి, రంపంలా కోయకుండా ఏటవాలుగా ఒక్క లాగులో లాగాలి. ఇరవై పొరలు తీస్తే ఒకటి పనికొస్తుంది. దాన్ని కుంచె మొనతో లేపి నీళ్ళలో వదలాలి. ఐదు రోజులు అదే పని. నాళాలు ఎర్రగా కనబడడానికి ఒక రంగు, బూజు ఉంటే నీలంగా పట్టేందుకు ఒక రంగు. మేడం ఒక్కో పలకా చూసి పక్కన పెడుతున్నారు. ఏం కనబడిందో చెప్పలేదు, నేను అడగలేదు. "అందరూ వచ్చినప్పుడు అందరం చూద్దాం," అన్నారు.

వచ్చారు. గురువారం పొద్దున నలుగురు రైతులు ఒక జీపులో, ఆమె బస్సులో. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. యాభై ఏళ్ళుంటాయి, చేతులు పొలం చేతులు. నన్ను చూసి, "చెరుకు తిన్న తమ్మివి నువ్వేనా?" అంది. నేను తల దించుకున్నాను. ఆమె మీద మాట మొదలుపెట్టినాయన ఆమెకు మరిది వరస. ఆయన కూర్చోకుండానే బల్ల మీది సీసాల్లోకి తొంగిచూశాడు.

"నాలుగు గడలు తెచ్చిన అన్నది గద వదినె. గడలేవి? గీ గనుపు ముక్కలేంది?"

మేడం మెల్లగా, "నమూనాలు భద్రపరచడంలో మా పొరపాటు జరిగింది," అన్నారు.

ఆ 'మా'లో నేనొక్కణ్నే ఉన్నాను. మేడం పేరు ముప్పై ఏళ్ళది, పిల్లలకు చదువు చెప్పి సంపాదించుకున్నది. నా నాలుక కోసం దాన్ని అడ్డం పెడుతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"మేడంది కాదన్నా. నేను తిన్న. తినేటందుకు తెచ్చిండ్రనుకున్న. టబ్బుల పడేసిన గనుపులు మళ్ళ ఏరుకొచ్చి కోసిన."

ఒకాయన, "గమ్మతు చేస్తున్నరా? పంటలు పోయి మేమేడుస్తుంటే!" అన్నాడు. మరిది వరసాయన వాళ్ళ వదినె వైపు తిరిగాడు. "టబ్బుల ఎవరెవరి చెరుకున్నదో! గివి నీయే అని ఎట్ల నమ్మాలె?"

ఇదీ నేను చేసిన నష్టం. స్లైడు ఎంత బాగా వచ్చినా, గణుపు ఎవరిదో తెలియకపోతే దానికి విలువ లేదు. ఆమె బతుకు నా చేతిలోంచి జారిపోతున్నట్టు అనిపించింది. ఆమె మాత్రం లేచి వచ్చి, కోయగా మిగిలిన సగం గణుపులున్న సీసా తీసుకుని ఆయన ముందు పెట్టింది.

"నన్నెందుకు అడుగుతవ్? మూడేండ్లు నీ చేతుల్తోని నాటినవ్. నువ్వే సూసి చెప్పు."

మేడం పట్టకారుతో ఒకటి బయటికి తీసి ఇచ్చారు. తొక్క చెక్కినా కన్ను ఉన్న వైపు అలాగే ఉంచాం. ఆయన దాన్ని బొటనవేలితో తిప్పాడు. కన్ను కింద గాడి చూశాడు, వేళ్ళు పుట్టే చుక్కల వరస చూశాడు. ఇంకోటి అడిగాడు. అదీ చూశాడు. అబద్ధమాడదామంటే అవకాశం ఆయన చేతిలోనే ఉంది. ఆ క్షణంలో ఆయన 'ఎవరిదో' అంటే అంతటితో అయిపోయేది.

"గివి ఆమెయే," అన్నాడు. "గీ రకం మా దిక్కు ఇంకెవరి దగ్గర లేదు."

ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. ఆ తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా అదే గౌరవం.

మైక్రోస్కోపు కిటికీ పక్కన పెట్టాను. మొదట అందరికీ తమ కనురెప్పల వెంట్రుకలే కనబడ్డాయి, ఎప్పుడూ అంతే. మెల్లగా అలవాటు చేయించాను. ముందు రోగం వచ్చిన తోటల మోళ్ళు చూపించారు మేడం. ఎర్రటి నాళాల మధ్య, కొన్నిటి లోపల కూడా, నీలం దారాలు చిక్కుపడి ఉన్నాయి. "గా నీలందే రోగమా?" అన్నారు రైతులు. అదే. తర్వాత ఆమె గణుపులు ఒక్కొక్కటే పెట్టాను. మరిది వరసాయన పన్నెండూ చూశాడు. ఎర్ర నాళాలు ఉన్నాయి, నీలం లేదు. పన్నెండో దాని దగ్గర చాలాసేపు వంగి ఉండిపోయాడు.

మేడం ఉన్నదున్నట్టు చెప్పారు. "ఈ పన్నెండు గణుపుల్లో రోగం లేదు. ఇవి రెండు గడలవి. నాలుగూ పూర్తిగా ఉండి ఉంటే ఇంకా గట్టిగా చెప్పగలిగేదాన్ని. మీ మోళ్ళలో మాత్రం ఉంది. పాత మోళ్ళు పీకకుండా ఆ పక్కనే కొత్తవి నాటితే, విత్తనం ఎంత మంచిదైనా రోగం అంటుకుంటుంది." ఆ 'నాలుగూ పూర్తిగా ఉండి ఉంటే' అన్న మాట ఈ రోజుకీ నాకు ముల్లే. నేను తినకపోతే ఆమెకు పూర్తి న్యాయం జరిగేది. దొరికింది సగం.

కానీ ఆ సగాన్ని పూర్తి చేసినవాళ్ళు నా కళ్ళముందే ఉన్నారు. కాదనగలిగి కూడా కాదనని ఆ రైతు. కోపం తెచ్చుకునే హక్కున్నా నవ్వి, గణుపులు వెతకమన్న ఆమె. నా తప్పును తన మీద వేసుకోబోయిన మేడం. ఉద్యోగంలో మనల్ని మనుషులుగా నిలబెట్టేవాళ్ళు జీతం ఇచ్చేవాళ్ళు కాదు, పిల్లలూ, ఇలాంటివాళ్ళు. వాళ్ళు ఎదురైనప్పుడు గుర్తుపట్టండి.

ఇప్పుడు బోధన్ వైపు చెరకు చాలా తగ్గింది. ఎక్కడ చూసినా వరే. ఆ రోజుల్లో మాత్రం ఒక విత్తనం మాట మీద ఊళ్ళు నడిచేవి.

మధ్యాహ్నం వాళ్ళు బయల్దేరారు. నేను గేటు దాకా వెళ్ళాను. ముగ్గురు జీపు ఎక్కారు. మరిది వరసాయన ఎక్కలేదు. బస్‌స్టాండు వైపు నడుస్తున్న ఆమె వెనక నాలుగడుగులు వేసి ఆగాడు.

"వదినె, జీపుల జాగున్నది. రా."

ఆమె తిరగలేదు. ఆయన గొంతు సవరించుకుని, జీపులోవాళ్ళకు కూడా వినబడేలా అన్నాడు.

"వచ్చేపాలి ఇత్తనం నాకే ముందుగాల్ల ఇయ్యాలె."

ఇంతసేపూ చెక్కుచెదరని మనిషి, అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఏడ్చింది. మగవాళ్ళం అందరం ఎటు చూడాలో తెలియక ఉండిపోయాం. కళ్ళు తుడుచుకుని జీపు దగ్గరికి నడిచింది. ఎక్కి కూర్చున్నాకే మరిది మొహం చూసింది.

"దూరమున్న మా అక్కోళ్ళ ఊర్ల నేనిచ్చిన ఇత్తనపు చెరుకున్నది. తెచ్చి పెంచుత, నీకే ఇస్త. ముందుగాల్ల పోయి నీ మోళ్ళు పీకు."